మడత చాకా, మొబైల్ ఫోనా? ఏది మేలు?

"అత్తా, ఫోన్ ఉండగా ఇంకా ఈ చాకెందుకు నీకు?"

మా అన్నయ్య కూతురు అడిగింది. ఇంజినీరింగ్‌లో సీటొచ్చి గూడూరు నుంచి చెన్నై వచ్చింది. హాస్టల్లో చేరేలోపు వారం రోజులు వేళచ్చేరిలో మా ఇంట్లోనే ఉంది. నేను కుట్టుమిషన్ పక్కన కింద కూర్చుని, షావుకారుపేట నుంచి వచ్చిన లైనింగు గుడ్డల మూట విప్పుతున్నాను. మూట చుట్టూ ప్లాస్టిక్ తాడు, ముడి మీద టేపు. చాకు తెరిచి తాడు కింద దూర్చి పైకి లాగాను. టప్పున తెగింది. అది చూసి అడిగిన మాట.

పిల్ల వేళాకోళానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. దాని చేతిలో వాళ్ళ నాన్న కొత్తగా కొనిచ్చిన ఫోన్ ఉంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ వారమంతా ఆలోచించాను, రోజూ రాత్రి పడుకోబోయే ముందు కొలతల పుస్తకం చివరి పేజీలో లెక్క కూడా రాశాను.

ముందు ఆ చాకు గురించి చెప్పాలి. అది మా నాన్నది. ఆయన గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఒక కొట్లో గుమాస్తా. రైతులు తెచ్చే బస్తాల నోళ్ళు దబ్బనంతో, పురికొసతో కుట్టి ఉండేవి. ఆ కుట్టు తెంచడానికి, మధ్యలో నుంచి ఒక కాయ తీసి రెండు చెక్కలు చేసి రసం చూడటానికి ఆయన జేబులో ఎప్పుడూ ఈ చాకు ఉండేది. మడిస్తే నా చూపుడువేలంత ఉంటుంది. కట్టె పిడి, రెండు ఇత్తడి మేకులు, ఒకటే అలుగు, అంటే కోసే రేకు. స్టెయిన్‌లెస్ కాదు, పాత కార్బన్ స్టీలు. ఏళ్ళ తరబడి నిమ్మరసం తగిలి అలుగంతా నీలం కలిసిన నలుపు తిరిగింది. పిడి మీద నాన్న బొటనవేలు ఆనే చోట కట్టె అరిగి చిన్న పల్లం పడింది. నేను పట్టుకుంటే నా బొటనవేలూ ఆ పల్లంలోనే ఆనుతుంది.

నేను జాకెట్లు కుడతాను. కుట్టుపని చేసేవాళ్ళ ఇంట్లో కత్తెరలకు కొదవ ఉండదు కదా, మళ్ళీ చాకు దేనికి అనిపించొచ్చు. గుడ్డ కోసే కత్తెరతో కాగితం గానీ, అట్ట గానీ, టేపు గానీ కోయకూడదు. రెండుసార్లు కాగితం కోస్తే చాలు, దాని పదును పోయి సిల్కు మీద పెట్టగానే గుడ్డని కొరకడం మొదలుపెడుతుంది. మా ఇంట్లో ఎవరైనా నా కత్తెరతో పాల ప్యాకెట్ కోస్తే ఆ రోజు గొడవే. కాబట్టి గుడ్డ తప్ప మిగతా లోకమంతా ఆ చాకు వాటాకే వస్తుంది.

ఇక అసలు సంగతి. రెండింట్లో ఒక్కటే ఉంచుకో, రెండోది ఇచ్చెయ్ అంటే, నాన్న చాకు ఎంత ప్రాణమైనా సరే, నేను ఫోనే ఉంచుకుంటాను. ఈ మాట అనడానికి నాకు బాధగా ఉంది కానీ సందేహం లేదు. ఎందుకో చెబుతాను.

2001లో నాన్న పోయారు. అప్పుడు మా ఇంట్లో ఫోన్ లేదు. కింద ఇంటి ఓనర్ల ల్యాండ్‌లైన్ నంబరే మా నంబరు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి చేశారు, అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆ తర్వాత ఆరేళ్ళు గడిచినా మాలాంటి ఇళ్ళకి మొబైల్ అందలేదు. ఫోన్ వస్తే ఎత్తినందుకు కూడా డబ్బులు పడే రోజులవి. ఆ ఉదయం నాన్నకి గుండెనొప్పి వచ్చింది. అన్నయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఓనర్ల నంబరుకి చేస్తూనే ఉన్నాడట. వాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. తాళం వేసిన ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉండి ఉంటుంది. పైన మిషన్ చప్పుడులో నాకేమీ వినబడలేదు. రాత్రి తొమ్మిదింటికి ఊరి నుంచి వచ్చినాయన ఒకరు తలుపు కొట్టి చెప్పారు. రైలు పట్టుకుని వెళ్ళేసరికి తెల్లవారింది. గూడూరు ఎంత దూరమని, రెండున్నర మూడు గంటలు. పొద్దున్నే తెలిసుంటే మధ్యాహ్నానికి ఆయన మంచం పక్కన ఉండేదాన్ని. కర్మ అయ్యాక అమ్మ ఈ చాకు నా చేతిలో పెట్టింది.

అందుకే 2004లో మొదటి ఫోన్ కొన్నప్పుడు, నోకియా 1100, నాకు అది సోకు వస్తువులా అనిపించలేదు. ముందు సంవత్సరమే ఇన్‌కమింగ్ ఉచితమైంది. దాని నెత్తిన చిన్న టార్చి ఉండేది. కరెంటు పోతే ఆ వెలుగులో సూదిలోకి దారం ఎక్కించేదాన్ని.

ఇప్పుడు ఫోన్ చేసే పనులు చెప్పుకుంటూ పోతే అంతుండదు. నా పొట్ట పోసుకునేది దాని మీదే. ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి, మెడ డిజైన్ల ఫోటోలు వస్తాయి, డబ్బులు యూపీఐలో పడతాయి. యూపీఐ మొదలైంది 2016 ఏప్రిల్‌లో. అంతకు ముందు జాకెట్లు తీసుకెళ్ళి "చిల్లర రేపిస్తాలే అక్కా" అన్నవాళ్ళ బాకీలు రాసిన నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, సగం బాకీలు వసూలు కాలేదు. ఇంకో మేలు చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకే బాగా తెలుస్తుంది. పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, తమిళం గడగడా మాట్లాడతాను, చదవడం మాత్రం ఇప్పటికీ కూడబలుక్కోవాలి. ఇదివరకు కరెంటు ఆఫీసు కాగితం వచ్చినా, రేషన్ షాపు ముందు బోర్డు పెట్టినా ఎవరినో ఒకరిని బతిమాలుకునేదాన్ని. ఇప్పుడు కెమెరా పెడితే తెలుగులో చూపిస్తుంది. ఒక్కోసారి తప్పుగా చూపిస్తుంది, అయినా విషయం తెలిసిపోతుంది. ఎవరి ముందూ తల వంచకుండా నా కాగితం నేను చదువుకోవడం ఎంత పెద్ద సంగతో, చదువొచ్చిన భాషలోనే జీవితమంతా ఉండిపోయినవాళ్ళకి చెప్పడం కష్టం.

ఇన్ని పనులు చాకు చేస్తుందా? చెయ్యదు. చెయ్యాలని కూడా నేను అడగను.

కానీ నేను రాసిన లెక్కలో ఒకటి తేలింది. ఆ వారంలో చాకుని 23 సార్లు తెరిచాను. పార్సిల్ అట్టపెట్టెలు, మూటల తాళ్ళు, కొబ్బరికాయ పీచు, రెండు ముక్కలు చేయాల్సిన మాత్ర, మార్కింగు చాక్‌పీసు మొన చెక్కడం, మిషన్ షటిల్లో చిక్కుకున్న దారం, జామకాయలు. ఫోన్ రోజుకి ఎన్నిసార్లు తెరిచానో ఫోనే లెక్కపెట్టి చూపిస్తుంది: సగటున 70. అందులో నిజంగా పనికోసం తెరిచినవి వేలు మడిచి లెక్కపెడితే పాతిక, మహా అయితే ముప్పై. మిగతావి ఎందుకు తెరిచానో నాకే గుర్తు లేదు. చాకు సంగతికొస్తే, 23 సార్లలో ఒక్కసారి కూడా పని లేకుండా తెరవలేదు, పనైన తర్వాత ఒక్క క్షణం తెరిచి ఉంచలేదు. తెరవడం, కోయడం, తుడవడం, మడవడం. నా మేనకోడలికి ఈ లెక్క చూపిస్తే తన ఫోన్ లెక్క తీసి చూసుకుంది. ఎంతో నాకు చెప్పలేదు.

నిజానికి ఒకే వస్తువు జేబులో వేసుకుని పది పనులు చేసుకోవాలన్న ఆలోచన ఫోన్‌తో మొదలవలేదు, చాకుతో మొదలైంది. స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో కత్తుల పనికొట్టు పెట్టాడు. 1891 నుంచి స్విస్ సైనికులకి మడత చాకులు ఇచ్చాడు. సైనికుడికి డబ్బా తిండి తెరవాలి, తుపాకీ మరలు విప్పాలి, రెండూ ఒకే పిడిలో ఉండాలి. 1897లో రెండు వైపులా పనిముట్లున్న చాకుకి హక్కులు తీసుకున్నాడు. మనం స్విస్ చాకు అని పిలిచే ఎర్ర పిడి వస్తువు దాని వారసురాలే. వంద పనులు ఒక్కదాంట్లో కూర్చిన ఫోన్‌ని చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇప్పుడు 2023 డిసెంబర్ సంగతి. మిగ్‌జాం తుపాను తీరం దాటింది 5వ తేదీన మన బాపట్ల దగ్గరే గానీ, అంతకు ముందు రోజే చెన్నైని ముంచేసింది. 3వ తేదీ రాత్రి మొదలైన వాన 4వ తేదీ అంతా తగ్గలేదు. వేళచ్చేరి అసలే పల్లం. పొద్దున లేచేసరికి మా వీధిలో నడుములోతు నీళ్ళు. కరెంటు తీసేశారు, తీయకపోతే ప్రాణాలు పోతాయి. కింద ఇంట్లో ఉండే ముసలి దంపతులు మందుల డబ్బా, ఒక సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చేశారు.

ఫోన్ మొదటి రోజు బాగా పనికొచ్చింది. ఎవరెక్కడున్నారో తెలిసింది, ఏ వీధిలో పడవ తిరుగుతోందో తెలిసింది. రాత్రంతా టార్చి వేసుకుని మెట్ల మీద నీళ్ళు ఎన్ని మెట్లెక్కాయో చూస్తూ కూర్చున్నాం. తెల్లారేసరికి 18 శాతం. ఆ తర్వాత సిగ్నల్ కోసం వెతుక్కుని వెతుక్కుని అదే ఇంకాస్త తాగేసింది. 5వ తేదీ మధ్యాహ్నానికి నల్లగా, చల్లగా పలకలా అయిపోయింది. బిల్డింగ్‌లో అందరి ఫోన్లూ అంతే. పవర్‌బ్యాంకులు ఉన్నవాళ్ళు కూడా వాన ముందు చార్జింగ్ పెట్టుకోలేదు.

చాకు ఆ రెండు రోజులూ నా కొంగుకి కట్టుకునే తిరిగాను. బట్టల దండెం నైలాన్ తాడు కోసి బకెట్‌కి కట్టాం. ఛాతీ లోతు నీళ్ళలో పాలు, బ్రెడ్ పట్టుకొచ్చిన కుర్రాళ్ళు బాల్కనీ కింద నిలబడితే బకెట్ దించి లాక్కున్నాం. వెనక గది కిటికీ అద్దం పగిలితే పాత ఫ్లెక్సీ బ్యానర్ కొలతకి కోసి మేకులు కొట్టాం. కోయని బ్రెడ్డు పదకొండు మందికి సమానంగా కోసింది కూడా దాంతోనే.

అన్నిటికంటే గుర్తున్నది 5వ తేదీ సాయంత్రం. పై ఇంటి అబ్బాయి తన స్కూటర్ని ముందురోజే మెట్ల మీదికి ఎక్కించి పెట్టాడు. దాని బ్యాటరీ తడవలేదు. నీళ్ళలో మునిగిన కారులోంచి అంతకు ముందే తెచ్చుకున్న కారు చార్జర్ అతని దగ్గర ఉంది, సిగరెట్ లైటర్ గుంటలో పెట్టే రకం. రెండూ 12 వోల్టులే. కలపడానికి వైరు కావాలి. నా దగ్గర చెడిపోయిన టేబుల్ ఫ్యాన్ ఉంది. దాని తీగ జానెడు మీద జానెడు కోశాను. పైతోలు తీయడానికి అతను పళ్ళు పెట్టబోతే, వద్దు బాబూ అని నేనే తీసుకున్నాను. చాకుని నొక్కకూడదు. వైరుని చదునైన చెక్క మీద పెట్టి, పదును దాని మీద ఊరికే ఆనించి, వైరుని దాని కింద ఒక చుట్టు దొర్లించాలి. తోలు మీద గుండ్రంగా గీత పడుతుంది. గోటితో పట్టి లాగితే ఊడివస్తుంది, లోపలి రాగి పోగు ఒక్కటీ తెగదు. ఒక వైరు చార్జర్ మొనకి, ఇంకోటి పక్కనుండే స్ప్రింగు రేకుకి పెట్టి, కదలకుండా నా మిషన్ దారంతో ఇరవై చుట్లు చుట్టి, పైన టేపు వేశాం. బ్యాటరీకి తగిలించగానే చార్జర్ మీద ఎర్రటి చుక్క వెలిగింది. ఆ గదిలో ఉన్న పదకొండు మందీ ఒక్కసారి "హమ్మయ్య" అన్నాం. కింది ఇంటి పెద్దావిడ ఆ చుక్కకి దణ్ణం పెట్టుకుంది.

(ఇది 12 వోల్టుల బ్యాటరీ కాబట్టి చేశాం. ఇంటి కరెంటు వైరు దగ్గరికి మాత్రం ఇలాంటి చాకు పట్టుకుని వెళ్ళకండి. ఇత్తడి మేకులున్న కట్టె పిడి మిమ్మల్ని కాపాడదు.)

ఏడు ఫోన్లు వరసలో పెట్టి తలా అరగంట ఎక్కించాం. నాది 15 శాతం దాకా వచ్చింది. మేడ మీదికెళ్ళి చేయి పైకెత్తి పట్టుకుంటే ఒక్క గీత సిగ్నల్. అన్నయ్యకి కాల్ కలవలేదు. మెసేజ్ పంపాను: "బాగున్నాం. నీళ్ళు కిందే ఉన్నాయి. కంగారుపడొద్దు." వాట్సాప్ కాదు, మామూలు ఎస్సెమ్మెస్. కాల్ కలవనప్పుడు కూడా అది ఒక్కోసారి వెళ్ళిపోతుంది, నెట్‌వర్క్ దాన్ని దాచి ఉంచి సందు దొరికినప్పుడు చేరవేస్తుంది. ఎనిమిది నిమిషాల తర్వాత "సెంట్" అని వచ్చింది. గూడూరులో అన్నయ్య రెండు రోజుల నుంచీ అన్నం ముట్టలేదని తర్వాత వదిన చెప్పింది. 2001లో తాళం వేసిన ఇంట్లో మోగిన ఫోన్ నాకు ఆ మేడ మీద గుర్తొచ్చింది.

ఆ రోజు చాకు లేకపోతే ఫోన్ లేచేది కాదు. ఫోన్ లేకపోతే, ఎంత మంచి చాకైనా వేళచ్చేరి నుంచి గూడూరుకి ఒక్క ముక్క కబురు మోయలేదు. ఇంతకంటే సూటిగా ఈ రెండింటినీ నేను పోల్చలేను.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇందులో పోటీయే లేదు. 2004 నుంచి నాకు ఏడు ఫోన్లు మారాయి. లిథియం బ్యాటరీ నాలుగైదొందల సార్లు పూర్తిగా ఎక్కి దిగేసరికి బలం తగ్గడం మొదలవుతుంది. వేడి దాన్ని ఇంకా తొందరగా తింటుంది, చెన్నైలో వేడికి కొదవా! ఫోన్ బాగానే ఉన్నా అప్‌డేట్లు ఆగిపోతే బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. చాకుకి నలభై ఏళ్ళలో అయిన ఖర్చు సాన పట్టించడమే. ఇదివరకు సైకిల్ మీద చక్రం పెట్టుకుని సాన పట్టేవాళ్ళు వీధిలో కేకేస్తూ వచ్చేవాళ్ళు. ఇప్పుడు మా వైపు నెలకొకసారి కూడా కనబడటం లేదు. నేనే ఇంట్లో పెట్టుకుంటాను. పింగాణీ కప్పు బోర్లిస్తే అడుగున గ్లేజు లేని గరుకు అంచు ఉంటుంది చూడండి, దాని మీద అలుగుని కొంచెం వాల్చి, రెండు వైపులా పదేసి సార్లు లాగితే రోజువారీ పనులకి చాలు.

ప్రమాదం విషయానికొస్తే, రెండూ నాకు గాయం చేశాయి. 2012లో నాన్న చాకు నా బొటనవేలి మీదే మడుచుకుపోయింది, మూడు కుట్లు పడ్డాయి. దానికి లాక్ లేదు. తప్పు నాది, మొద్దుబారిన అలుగుతో బలవంతంగా పొడిచాను. పదునున్న చాకు కంటే పదును పోయిన చాకే ఎక్కువ కోస్తుంది, ఎందుకంటే దాని మీద బలం వాడతాం. ఫోన్ చేసిన గాయానికి రక్తం రాలేదు. ఆర్మీలో ఉన్నానని, భార్యకి పది జాకెట్లు కుట్టాలని ఒకాయన మెసేజ్ పెట్టాడు. అడ్వాన్స్ పంపుతానని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. కొట్టాను. 4,500 రూపాయలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, డబ్బు తిరిగి రాలేదు. చదివేవాళ్ళకి ఇది గట్టిగా చెప్పాలని ఉంది: డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడుతున్నామంటే డబ్బు పోతున్నట్టే. వేలు నెలకి మానింది. ఆ 4,500 గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో మండుతుంది, ఎందుకంటే చాకు విషయంలో నా చెయ్యి ఏం చేస్తోందో నాకు కనబడింది, ఇక్కడ కనబడలేదు.

చాకు దగ్గర పెట్టుకోవడం నేరమా అని చాలామంది అడుగుతారు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల ప్రస్తావన ఉంది. అందులోనూ ఇంటి పనికి, పొలం పనికి చేసినవాటిని మినహాయించారు. మూడంగుళాల మడత చాకు ఆ దరిదాపుల్లోకి రాదు. అయినా విమానంలో చేతి సంచీలో ఒప్పుకోరు, మెట్రో దగ్గర సంచీ స్కాన్‌లో ఆపుతారు, మాల్‌లో ఆపుతారు. మెట్రో ఎక్కే రోజు నేను ఇంట్లోనే పెట్టి వెళ్తాను, అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ళతో వాదించడం వాళ్ళకీ నాకూ ఇబ్బందే. ఫోన్‌కీ తలుపులు మూసే చోట్లున్నాయి. తిరుమలలో దర్శనానికి ముందు అప్పజెప్పాలి. 2022 డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టు తమిళనాడు గుళ్ళలో ఫోన్లు వాడకూడదని చెప్పింది. ఈ లెక్కన మైలాపూర్ గుడికి వెళ్ళిన రోజు నా సంచీలో పసుపు, కుంకుమ, చిల్లర డబ్బులు తప్ప ఏమీ ఉండవు.

ఆడపిల్లని ఊరు కాని ఊరికి పంపేటప్పుడు "రక్షణకి ఒక చాకు పెట్టుకోమ్మా" అనే పెద్దవాళ్ళున్నారు. మా వదిన కూడా అంది. నేను ఒప్పుకోలేదు. గొడవలో చాకు తీస్తే అది ఎదుటివాడి చేతిలోకి వెళ్ళడానికి ఒక్క క్షణం చాలు. అది పనిముట్టు, రక్షణ కాదు. ఆ విషయంలో ఫోన్‌దే పైచేయి. పిల్లని కూర్చోబెట్టి అత్యవసర నంబర్ 112 గురించి చెప్పాను. చాలా ఫోన్లలో పవర్ బటన్ వరసగా మూడు నుంచి ఐదు సార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళేలా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో వెతికి అది పెట్టించాను. రాత్రి ఆటో ఎక్కితే లొకేషన్ షేర్ చేయమన్నాను. ఆ తర్వాత "మీ నాన్న నంబర్ చెప్పు" అన్నాను. ఫోన్ చూడకుండా చెప్పలేకపోయింది! ఒక కాగితం మీద మూడు నంబర్లు రాసి పర్సులో పెట్టాను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో వాన హెచ్చరిక రాగానే పవర్‌బ్యాంకు నిండుగా పెట్టుకోమన్నాను.

కొత్తగా కొనేవాళ్ళకి నాకు తెలిసినంతలో చెబుతాను. ఫోన్ అయితే కెమెరా కంటే ముందు బ్యాటరీ చూడండి. చాకు అయితే అలుగు మూడంగుళాలు దాటక్కర్లేదు, స్టెయిన్‌లెస్ తీసుకోండి. మా నాన్నది మార్కెట్లో బతికింది గానీ, ఈ సముద్రపు గాలికి కార్బన్ స్టీలు రోజూ తుడిచి నూనె చుక్క వేస్తే తప్ప నిలవదు. తెరిచాక కదలకుండా పట్టి ఉంచే లాక్ తప్పనిసరిగా ఉండాలి. బటన్ నొక్కితే టక్కున లేచేవి వద్దు, వాటితో అనవసరమైన టెన్షన్ తప్ప ఉపయోగం లేదు. పిల్లలున్న ఇంట్లో ఎత్తున పెట్టండి. ఆ మాటకొస్తే ఫోనూ ఎత్తునే పెట్టాలి.

హాస్టల్‌కి వెళ్ళే ముందు రోజు పిల్ల తనంతట తనే అడిగింది, "తాతయ్య చాకు నేను తీసుకెళ్ళనా?" అని. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కానీ హాస్టల్ వాళ్ళిచ్చిన కాగితంలో పదునైన వస్తువులు గదిలో ఉండకూడదని స్పష్టంగా ఉంది. నిబంధన నిబంధనే. చాకు మిషన్ సొరుగులోనే ఉండిపోయింది.

మొన్న ఆదివారం వచ్చింది. అదే రోజు గూడూరు నుంచి అన్నయ్య బస్సులో నిమ్మకాయలు పంపాడు, చిన్న గోనెసంచీలో, నోరు పురికొసతో కుట్టి. నేను లేవబోతే "ఉండత్తా" అని సొరుగు తీసింది. అలుగు గాడిలో గోరు పెట్టి తెరిచింది. పదును నీ వైపు కాదు, బయటి వైపు ఉండాలని చెప్పాను. ప్రతి కుట్టూ తెంచక్కర్లేదు, మూడో కుట్టు తెంచి లాగితే చాలు, మీ తాతయ్య అలాగే చేసేవారన్నాను. పురికొస బుర్రుమని ఊడి వచ్చింది. ఒక కాయ తీసి రెండు చెక్కలు చేసి, రసం చూసి, వాసన చూసి చాకు మడవబోయింది.

"ముందు తుడువు."

లైనింగు పీలికతో తుడిచింది. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ నలుపు పోదా అత్తా?"

"పోదు."

అప్పుడే దాని ఫోన్ మోగింది. కాయలు అందాయా అని వాళ్ళ నాన్న. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఇంకో నిమ్మకాయ తీసుకుంటూ చెప్పింది, "అందాయి నాన్నా. తాతయ్య చాకుతోనే విప్పాను."